చిలకల కొట్టు

మా కొట్టుకి ఏనాడూ బోర్డు లేదు. శృంగవరపుకోట బజారులో ఎవరినడిగినా చిలకల కొట్టు అంటే చాలు, చెయ్యి పెట్టి చూపించేవారు. ఇత్తడి, కంచు సామాను అమ్మే కొట్టు అది. మా మావగారి తాతగారు కట్టించారట. వీధికి నడుమెత్తు అరుగు, అరుగు మీద రెండు టేకు స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఒక పెద్ద దూలం. స్తంభం దూలాన్ని మోసే చోట అటొకటీ ఇటొకటీ చెక్కిన చిలకలు, మొత్తం నాలుగు. మెడలు వంచి వీధిలో పోయేవాళ్ళని చూస్తున్నట్టుండేవి.

కొట్టుకి తలుపుల్లేవు, పలకలుండేవి. నిలువెత్తు చెక్క పలకలు. కిందా పైనా ఉన్న గాడిలో ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, చివరి పలకకి తాళం వేసేవారు. ఏ పలక పక్కన ఏది రావాలో తెలియడానికి వాటి ముఖం మీద పైభాగాన పాతకాలపు తెలుగు అంకెలు ఉలితో చెక్కి ఉండేవి. పొద్దున్న ఒక్కొక్కటీ తీసి లోపల గోడకి చేర్చడం, చీకటి పడేముందు మళ్ళీ మోసుకొచ్చి గాడిలో దింపడం.

నేను కోడలిగా వచ్చేనాటికే మావగారు పోయారు. కొట్టు మా అత్తగారే నడిపేవారు. బిందె మీద వేలితో కొట్టి, చప్పుడు విని, అది ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పగల మనిషి. బేరం దగ్గర ఎంత మొండో మాట దగ్గర అంత ఖచ్చితం. మా ఆయన సరుకు కోసం శ్రీకాకుళం వైపు ఇత్తడి పోత పోసే బుడితికి వెళ్ళి వస్తూ నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండేవారు కాదు. ఆయన తమ్ముడు, అంటే మా మరిది, విజయనగరంలో కాలేజీ చదువు ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చాడు. నేను రామతీర్థం దగ్గర పల్లెటూరి దాన్ని. మా నాన్నకి చిన్న దుకాణం, కొంచెం మెట్ట భూమి. అత్తారింట్లో నా పని వంటిల్లూ దొడ్డీను. కొట్టు మా ఇంటికి ముందు భాగమే అయినా, మధ్య గుమ్మం దాటి అందులో అడుగుపెట్టింది తక్కువ.

అరవైల చివర్లో ఒక ఏడాది, దీపావళి వెళ్ళిన కొద్ది రోజులకి తుపాను గాలి పట్టుకుంది. తెల్లవారి చూస్తే కొట్టు ముందు భాగం కూలి ఉంది. దూలాన్ని లోపల్లోపల చెద తినేసిందని అప్పుడు తెలిసింది. అది మధ్యకి విరిగి, ఒక స్తంభాన్ని వీధిలోకి తోసేసింది. పెంకులన్నీ అరుగు మీద పొడి. నాలుగు చిలకల్లో ఒకదానికి ముక్కు విరిగింది. ఇంకొకటి ఎంత వెతికినా దొరకలేదు. వాన నీళ్ళలో కొట్టుకుపోయిందో, పొయ్యిలోకి పనికొస్తుందని ఎవరైనా పట్టుకుపోయారో.

ఎవరికీ దెబ్బలు తగలలేదు, అదే పదివేలు అనుకున్నాం. చెక్కుచెదరని పలకలు తీసి లోపల గోడకి చేర్చి, ముందు వెదురు తడికలు కట్టి, వాటి వెనక వ్యాపారం సాగించాం.

అప్పటికి మా బజారులో ఇనుప షట్టర్ల మోజు మొదలైంది. ఎదురు వరసలో బట్టల కొట్టాయన పాత వసారా పడగొట్టి, సిమెంటు కప్పు వేసి, షట్టరు పెట్టించాడు. పొద్దున్నే అది గడగడమని పైకి లేస్తుంటే చూడ్డానికి పిల్లలు చేరేవారు. మనమూ అలాగే కట్టిద్దామని మా మరిది పట్టుబట్టాడు. సిమెంటు పర్మిట్ మీద గాని దొరకని రోజులవి. ఆఫీసుల చుట్టూ తిరిగి పర్మిటు సంపాదించుకొచ్చాడు కూడా.

అత్తగారు ససేమిరా ఒప్పుకోరనుకున్నాను. ఆ చిలకలకి ఏటేటా ఉగాదికి పసుపు రాసి బొట్టు పెట్టేది ఆవిడే మరి. కాని ఆవిడ వెంటనే సరేనన్నారు.

"పెళ్ళయొచ్చిన కాణ్ణుంచి ఆ పలకలు ఎత్తతన్నాను, దించతన్నాను. నా నడుం సూడండి, ఎలాగైపోనాదో. షట్టరైతే ఒక్క సేత్తో లాగీయొచ్చు," అన్నారు.

రోజూ ఆ పలకలు లోపలికీ బయటికీ వెళ్తుంటే చప్పుడు వినడమే గాని, అవెంత బరువో నేను ఆలోచించలేదు. ఆ సాయంత్రం కొట్టులోకి వెళ్ళి, గోడకి చేర్చిన పలక ఒకటి ఎత్తి చూశాను. పొలం పనులు చేసిన ఒళ్ళు నాది. అయినా రెండడుగులు వేసేసరికి భుజం లాగేసింది. మా ఆయనది అమ్మ ఎలాగంటే అలాగే అన్న మాటే.

ఆ తర్వాత సంత రోజు వచ్చింది. కోట అని పిలుచుకునే మా ఊరి సంతకి అరకు ఘాటీ దిగి జనం వస్తారు. పసుపు, చింతపండు, అడ్డాకులు, చీపుళ్ళు అమ్ముకుని, తిరిగి వెళ్ళేటప్పుడు మా దగ్గర చెంబో బిందో కొనుక్కునేవారు. చిల్లుపడ్డ పాతవి ఇచ్చి కొత్తవి పట్టుకెళ్ళేవారు. ఆ రోజు కొట్టులో అలికిడి లేదు. అత్తగారు తడికల సందులోంచి వీధి చూస్తూ కూర్చున్నారు. భోజనానికి పిలవడానికి వెళ్ళి నేనూ ఆవిడ పక్కన నిలబడ్డాను.

నెత్తిన పాత బిందె పెట్టుకుని ఒక ముసలామె మా ముందునించే నడిచి వెళ్ళింది. కాసేపటికి వెనక్కొచ్చింది. మళ్ళీ ఆ చివరికి వెళ్ళింది. మా అత్తగారు ఆమెని గుర్తుపట్టి కేకేశారు. ఆమె తడిక తోసుకుని లోపలికొచ్చి, కొట్టంతా కలయజూసి, అప్పటికి గాని నమ్మలేదు.

"సిలకలేవి తల్లీ? సిలకలు నేకపోతే ఇది మీ కొట్టని నాకెలాగ తెలస్తాది? మాయమ్మ నన్ను సంకనెత్తుకొచ్చి వాటినే సూపించీది," అంది.

అత్తగారు ఆమెకి ఎప్పటికంటే మంచి బిందె ఏరి ఇచ్చారు. ఆమె వెళ్ళాక భోజనం దగ్గర అన్నం కెలుకుతూ కూర్చున్నారు. ఆవిడకి ఆ చిలకలు అక్కర్లేక కాదు, ఒళ్ళు ఇక సహకరించక షట్టరు కోరుకున్నారని నాకప్పుడు బోధపడింది.

రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మమ్మ ఇంట్లో దేవుడి గదికి మడత తలుపులుండేవి. నాలుగు సన్నటి రెక్కలు, ఒకదానికొకటి బందులతో కలిపి. తోస్తే గోడకి ముడుచుకుపోయేవి. మా ఆయన బుడితి నుంచి వచ్చిన రోజు, అందరూ ఉండగా మధ్య గుమ్మంలో నిలబడి నోరు విప్పాను. ఇంటి విషయాల్లో నేను మాట్లాడ్డం అదే మొదలు.

"అత్తయ్యా, పలకలు మొయ్యక్కర్లేకుండా సేయిస్తే, సిలకలుంచీడానికి మీకేటైనా అడ్డా?"

ఆవిడ ఎగాదిగా చూశారు. ఎలాగని అడిగారు. నా పైటకొంగు కుచ్చిళ్ళు పెట్టి, విప్పి, మళ్ళీ మడిచి చూపించాను. ఆ పాత పలకలనే బందులతో కలిపి మడత తలుపులు చేయించవచ్చని, ముందు భాగం ఎలా ఉండేదో అలాగే కట్టించుకోవచ్చని చెప్పాను. మా మరిది నవ్వి, ఇవన్నీ పాతకాలపు ముచ్చట్లు వదినా అన్నాడు. మా ఆయన మాత్రం నా చేతిలోని కుచ్చిళ్ళ వంకే చూస్తున్నారు.

"మోసే పని నేకపోతే నాకేటడ్డం?" అన్నారు అత్తగారు. "సేయించండి, సూద్దాం."

మా ఆయన తర్వాతి ప్రయాణంలో పాతపట్నం వైపు నుంచి ఒక వడ్రంగిని వెంటబెట్టుకొచ్చారు. దేవుడి వాహనాలూ రథాలూ చేసిన చెయ్యి అని పేరు. పని ఎంత గొప్పదో నోరు అంత పెద్దది. బస్సు దిగి ఇంటికొచ్చేలోపే తనెవరో సగం బజారుకి చెప్పేశాడు. ఉలుల మూట ఎవరినీ ముట్టనివ్వడు. కొలతలు ఒడియాలో గొణుక్కుంటాడు. మిగిలిన చిలకలు తెచ్చి ముందు పెడితే, అటూ ఇటూ తిప్పి చూసి, మెడలు సరిగ్గా రాలేదని, అన్నీ తీసేసి తాను కొత్తవి చేస్తానని చెప్పాడు.

"వచ్చినాయో నేదో, ఇన్నాళ్ళూ దూలం మోసినాయి. ఉన్నవి ఉండాల. పోయిందొక్కటే సెయ్యి," అన్నారు అత్తగారు.

ఆ రోజంతా అతను అలిగి, సానరాయి మీద ఉలులు నూరుకుంటూ కూర్చున్నాడు. ఇద్దరికీ రోజూ ఏదో ఒకదాని మీద వాదం నడిచేది. అయినా పొద్దున్నే అతనికి కాఫీ అత్తగారే స్వయంగా తీసుకెళ్ళేవారు. మడత తలుపుల మాట ఎత్తితే మొదట కుదరదన్నాడు. ఆ పలకల బరువుకి బందులు ఊడి, రెక్కలు వేలాడిపోతాయట. తర్వాత తనే ఒక దారి కనిపెట్టాడు. రంపం పట్టేవాళ్ళని పిలిపించి ఒక్కో పలకనీ మందంలో సగానికి కోయించాడు. ఒక పలక రెండయింది, బరువు సగమయింది. లోపలి చెక్క కొత్తగా, ఎర్రగా మెరిసింది. పైముఖం నూరేళ్ళ నలుపుతో అలాగే ఉంది. అంకెలున్న వైపు వీధిలోకి కనబడాలని నేనడిగాను. అతను అలాగే బిగించాడు.

ఇనప బందులు తుప్పు పడతాయని మా ఆయన బుడితిలో ఇత్తడి బందులు పోత పోయించుకొచ్చారు. ఇత్తడి అమ్మేవాళ్ళ తలుపులకి ఇనుమేమిటని ఆయన అన్న మాట బజారులో చాలా రోజులు తిరిగింది. మాట్లాడని మనిషి మాట కదా.

దూలం దగ్గర పని ఆగిపోయింది. అంత పొడుగు, అంత మందం ఉన్న పాత టేకు విజయనగరం కలప అడితీల్లో దొరకలేదు. పచ్చి కర్ర వేస్తే వంకర తిరుగుతుందని వడ్రంగి ముట్టుకోనన్నాడు. ఆ సమయంలో మా నాన్న కబురు పెట్టాడు. మా ఊళ్ళో ఒక రైతు పాత ధాన్యం కొట్టు విప్పదీస్తున్నాడని, అందులో మాకు కావలసిన దూలం ఉందని. మా ఆయన ఊళ్ళో లేరు. ఎవరు వెళ్తారా అని చూస్తుంటే, అప్పటిదాకా ఈ పని వంక కన్నెత్తి చూడని మా మరిది లేచాడు.

"నానెల్తాను వదినా. మీ నాన్నకి మాట సాయానికి మనిషుండాల కదా," అన్నాడు.

వెళ్ళినవాడు వారం దాటినా రాలేదు. ఒక మధ్యాహ్నం బజారు చివర సందడైతే చూశాం. ఎడ్లబండి మీద దూలం, బండికి ఇటూ అటూ తాళ్ళు, బండి పక్కన నడుచుకుంటూ మా మరిది. ఇస్త్రీ చొక్కా తప్ప తొడగని అబ్బాయి, తలకి తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. ఒక గెడ్డలో నీళ్ళు దాటేటప్పుడు చక్రం దిగబడిపోతే, బండివాడితో పాటు తనూ భుజం ఆన్చి లేపాడట. ఆ రాత్రి భోజనం దగ్గర ఆ దూలం సంగతి తప్ప ఇంకో మాటాడలేదు. దాని మీద ఒక్క పుచ్చు లేదట, గోరుతో గీస్తే నూనె వాసన వస్తుందట. మర్నాటి నుంచి వడ్రంగి పక్కనే మకాం. పర్మిట్ సిమెంటు వెనక గోడకీ మురుక్కాలవకీ సరిపోయింది.

దూలం ఎత్తిన రోజు బజారంతా కొట్లు వదిలి మా ముందుకొచ్చింది. మోకులు కట్టి, దుంగలు పేర్చి, అంచెలంచెలుగా లేపారు. షట్టరు పెట్టించుకున్న బట్టల కొట్టాయన అందరికంటే ముందు మోకు పట్టుకున్నాడు. వడ్రంగి పైన కూర్చుని అధికారి లాగ అందరినీ అదిలించాడు, ఎవరూ ఏమీ అనుకోలేదు. దూలం స్తంభాల మీద కూర్చోగానే జనం ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు నాకు మధ్య గుమ్మంలోకి వినబడింది.

ఇక నా వంతు వచ్చింది. అరుగుకీ, స్తంభాల పక్క గోడలకీ గచ్చు చెయ్యాలి. సిమెంటు పూస్తే ఆ కర్ర పక్కన అతుకు వేసినట్టుంటుందని నేనే అన్నాను కనక, చేసి చూపించమన్నారు అత్తగారు. మా ఊళ్ళో మా అమ్మమ్మతో కలిసి ఈ పని చాలాసార్లు చేశాను. సున్నం గోతిలో నానబెట్టి, సన్నటి ఇసక కలిపి, కరక్కాయలు నానిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోసి దంచాలి. ఎంత దంచితే అంత గట్టి. వీధిలోని ఆడవాళ్ళు వంతులేసుకుని రోకళ్ళు పట్టారు. మొదట నన్ను చూసి నవ్విన వాళ్ళే, మూడోనాటికి పాటలెత్తుకున్నారు. పూత పూశాక, ఆరీ ఆరకముందు నున్నటి గులకరాయితో రుద్దుతూనే ఉండాలి. ముందు అరుగు, తర్వాత గోడలు. వేళ్ళు సున్నానికి పొక్కిపోయాయి. అత్తగారు కొబ్బరినూనె తెచ్చి, నా చేతులు తన ఒళ్ళో పెట్టుకుని రాశారు. పెళ్ళయ్యాక ఆవిడ నన్ను అలా దగ్గరికి తీసుకోవడం అదే మొదటిసారి. గచ్చు ఆరాక దాని మీద అరచెయ్యి వేస్తే చల్లగా, గుడ్డు పెంకులాగ తగిలింది.

కొత్త చిలకని వడ్రంగి చివరిదాకా గుడ్డ కప్పి ఉంచాడు. బిగించే రోజున తీశాడు. రెక్కలూ తోకా పాతవాటిలాగే ఉన్నాయి. తల మాత్రం వెనక్కి తిప్పి ఉంది. మూడు చిలకలు వీధిని చూస్తుంటే, ఇది కొట్టు లోపలికి చూస్తోంది. మా మరిది గతుక్కుమన్నాడు. నేను అత్తగారి మొహం చూశాను. ఉన్నట్టే చెయ్యమని ఎన్నిసార్లు చెప్పారో అందరికీ తెలుసు.

"అచ్చం అలాగే సేస్తే ఇది నాదని ఎవుడికి తెలస్తాది?" అన్నాడు వడ్రంగి, బెరుకులేకుండా.

అత్తగారు అరుగు దిగి వీధిలోకి వెళ్ళారు. కొంగు నడుముకి దోపుకుని, తలెత్తి చాలాసేపు చూశారు. తర్వాత నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"మంచిదే. మూడు బేరం పిలస్తాయి, ఒకటి కొట్టు సూసుకుంటాది," అన్నారు.

విరిగిన ముక్కుని మాత్రం ఆవిడ అతికించనివ్వలేదు. తుపాను గుర్తు ఉండనిమ్మన్నారు. మళ్ళీ చెద పట్టకుండా కర్రంతటికీ జీడినూనె పట్టించి ఆరబెట్టారు. ఆ ఘాటుకి వారం రోజులు వీధంతా తుమ్ములే.

తలుపులు తెరిచిన పొద్దున్న నాకు బాగా గుర్తు. గడపకి పసుపు రాశాం. చిలకలకి బొట్లు పెట్టాం, కొత్తదానితో సహా. మా ఆయనా మరిదీ చెరో పక్క నిలబడ్డారు, అవసరమైతే చెయ్యి వేద్దామని. అత్తగారు ఇద్దరినీ పక్కకి తప్పుకోమన్నారు. తాళం తీసి, మధ్య రెక్క మీద కుడి చెయ్యి ఆనించి తోశారు. ఆ నల్లటి పలకలు, వాటి మీది పాత అంకెలు, ఒకదాని మీదికొకటి ఒదిగి చప్పుడు లేకుండా గోడకి చేరాయి. లోపల వరసగా పేర్చిన బిందెల మీద ఎండ పడింది. ఆవిడ తన చెయ్యి వంక చూసుకున్నారు. రెండో పక్క రెక్కలు కూడా తోశారు. అది చాలదన్నట్టు మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచారు. వీధిలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వారు గాని కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇది మా కోడలి ఆలోసన," అని బజారందరికీ వినబడేటట్టు చెప్పారు. నేను తల వంచుకున్నాను. లోపల మాత్రం ఎంత గర్వపడ్డానో ఇవాళ చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. నా నోటి మాట, మా ఆయన బందులు, మా మరిది దూలం, పేరు కోసం పంతం పట్టిన ఆ వడ్రంగి చెయ్యి, వీధి ఆడవాళ్ళు దంచిన సున్నం, అన్నీ ఒకచోట నిలబడి ఎండలో మెరుస్తున్నాయి.

వడ్రంగి వెంటనే వెళ్ళిపోలేదు. ఆ వేసవంతా కోటలోనే ఉన్నాడు. మా పక్కన కిరాణా కొట్టుకి, వీధి మొదట్లో మందుల కొట్టుకి ముందు భాగాలు బాగుచేశాడు. షట్టర్లు పెట్టిద్దామనుకున్నవాళ్ళు మనసు మార్చుకున్నారు. అందరూ కాదు, కొందరు. మా మరిదికి సంబంధం చూడ్డానికి ఆడపిల్ల వారు వచ్చినప్పుడు, పెళ్ళికొడుకే వాళ్ళని తిన్నగా ఇంట్లోకి తీసుకురాకుండా, ఎదురు వరసలో నిలబెట్టి దూలం కథ మొదలుపెట్టాడు. పాపం వాళ్ళు ఎండలో నిలబడి అంతా విన్నారు. సంబంధం కుదిరింది.

ఒకరోజు భోజనాలయ్యాక అత్తగారు నన్ను పిలిచి, కాసేపు నడుం వాలుస్తానని, నువ్వెళ్ళి కొట్టులో కూర్చోమని అన్నారు. నేను తటపటాయించాను. సామాను ధరలు తెలియవన్నాను. తెలియకపోతే నన్నడుగు, ఇక్కడే ఉన్నాను కదా అని, చాప మీద అటు తిరిగి పడుకున్నారు. మధ్య గుమ్మం దాటి వెళ్ళి, గల్లాపెట్టె ముందు కూర్చున్నాను. మొదట వచ్చినాయన కంచు గిన్నె చేతిలోకి తీసుకుని, పెద్దమ్మ లేరా అనడిగాడు. ఉన్నారు, నాతో చెప్పండి అన్నాను. గిన్నె అంచు మీద వేలితో కొట్టి, అది మోగుతున్నంతసేపూ అతని మొహం చూస్తూ ఊరుకున్నాను. బేరమాడకుండా కొనుక్కుని వెళ్ళాడు.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు కొట్టు నాది.